పడమర గాలి తెచ్చే మంచు

మా కౌంటీలో నిన్న ఎంత మంచు పడిందని అడిగితే ఒక్క అంకె చెప్పడం కుదరదు. మా పెరట్లో నాలుగు అంగుళాలు పడితే, పాతిక మైళ్ళ అవతల రెడ్‌ఫీల్డ్‌లో మోకాలి లోతు పడి ఉండొచ్చు. అదే సమయానికి ఇటు ఫుల్టన్‌లో ఎండ కాస్తూ ఉండొచ్చు. ముగ్గురం ఒకే కౌంటీ వాళ్ళం, ముగ్గురం చెప్పేదీ నిజమే.

న్యూయార్క్ అనగానే మనవాళ్ళ కళ్ళముందు ఆకాశాన్నంటే మేడలు కదులుతాయి. ఆ మేడల నుంచి వాయవ్యంగా కారులో సుమారు ఐదు గంటలు వస్తే, ఒంటారియో సరస్సు ఆగ్నేయపు ఒడ్డున మా ఆస్వీగో కౌంటీ ఉంటుంది. జనాభా 2020 లెక్కల ప్రకారం లక్షా పదిహేడు వేలు. ఆస్వీగో, ఫుల్టన్ అని రెండు చిన్న నగరాలున్నాయి, తక్కినవన్నీ పల్లెటూళ్ళే. ఊళ్ళ పేర్లు మాత్రం ఘనంగా ఉంటాయి: పలెర్మో, హానిబల్, మెక్సికో. మేముండేది మెక్సికోలో. మా అత్తగారు గూడూరులో అందరికీ "మా కోడలు మెక్సికోలో మందుల షాపులో పనిచేస్తా ఉంది" అని చెప్పుకుంటారు. అబద్ధం కాదు కాబట్టి నేనూ సరిదిద్దలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఏంది మ్మా, ఆ మంచులో ఎట్టా ఉంటారు మీరు?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న.

నాకు ఇంకో ఉద్యోగం ఉంది, జీతం లేనిది: పడిన మంచును కొలవడం. దాని మూలం ఒక వరదలో ఉంది. 1997లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌ను వరద ముంచెత్తింది. ఒకే ఊళ్ళో ఒక మూల కుండపోత, ఇంకో మూల మామూలు వాన. ఉన్న కొద్దిపాటి వానమాపకాలకు ఆ తేడా దొరకలేదు. దాంతో మరుసటి ఏడాది అక్కడి వాతావరణ శాస్త్రవేత్తలు ఇళ్ళలో ఉండే మామూలు మనుషుల చేతనే కొలతలు తీయించే ఏర్పాటు మొదలుపెట్టారు. దాని పేరు 'కోకోరాస్'. ఇప్పుడు దేశమంతటా వేలమంది ఉన్నాం. ఉదయం ఏడింటికి పెరట్లోకి వెళ్ళి, తెల్ల రంగు వేసిన చెక్క పలక మీద పడిన మంచులో స్కేలు దింపి, అంగుళంలో పదోవంతు దాకా చూసి రాసుకుంటాను. పలక తుడిచి మళ్ళీ మంచు మీద పరుస్తాను. తర్వాత మాపకం గొట్టంలో పడిన మంచును ఇంట్లోకి తెచ్చి, కరిగించి, నీళ్ళెన్నో కొలుస్తాను.

ఈ రెండో కొలత దగ్గరే మా మంచు గుట్టు బయటపడుతుంది. సరస్సు మీదుగా వచ్చే మంచు దూదిలా తేలిగ్గా ఉంటుంది. పలక మీద 10 అంగుళాలున్నది కరిగిస్తే తరచూ అర అంగుళం నీళ్ళు కూడా రావు. ఆ అర అంగుళం వాన గూడూరులో పడితే వీధిలో పిల్లలు ఆట కూడా ఆపరు. ఇక్కడ అదే తేమ బడులు మూయిస్తుంది.

ఇంత మంచు పడుతోందంటే చలి భయంకరంగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి మాకంటే చాలా చలిగా ఉండే ఊళ్ళు అమెరికా నడిమధ్యలో బోలెడున్నాయి, వాటిలో మంచు మాకు పడేదాంట్లో సగం కూడా పడదు. చలిగాలిలో తేమ తక్కువ. తేమ లేని గాలి ఎంత చల్లగా ఉంటే మాత్రం ఏం కురుస్తుంది? ఆ తేమను మాకు సరఫరా చేసేది సరస్సు. అదీ దాని వెచ్చదనం వల్ల.

ఒంటారియో సరస్సు పడమర నుంచి తూర్పుకు 311 కిలోమీటర్ల పొడవు, సుమారు 85 కిలోమీటర్ల వెడల్పు. సగటు లోతు 86 మీటర్లు, అత్యంత లోతైన చోట 244. ఎండాకాలమంతా ఎండను తాగి, సెప్టెంబరు నాటికి పైనీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటాయి. చలికాలం వచ్చాక ఆ వేడి అంత తొందరగా పోదు. నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. పైన చల్లబడిన నీళ్ళు కిందికి దిగుతూ, కిందున్న వెచ్చటి నీళ్ళను పైకి పంపుతూ ఉంటాయి. అడుగుదాకా నాలుగు డిగ్రీలకు వస్తే తప్ప పైభాగం గడ్డకట్టే పని మొదలవదు. ఇంత లోతున్న సరస్సుకు అది నెలల తరబడి పట్టే పని. మా పడమరనున్న ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే. అది చాలా ఏళ్ళు జనవరి, ఫిబ్రవరి కల్లా గడ్డకట్టి మూతపడుతుంది. దాంతో బఫెలో నగరానికి సరస్సు మంచు ముప్పు అప్పటికి చాలామటుకు తగ్గిపోతుంది. మా సరస్సు ఒడ్డుల దగ్గర గడ్డకట్టినా నడుమ తెరిచే ఉంటుంది. అందుకే మాకు నవంబరులో మొదలైన బెడద మార్చి దాకా లాగుతుంది.

ఇక కెనడా వైపు నుంచి గడ్డకట్టించే పొడిగాలి దిగి ఈ నీళ్ళ మీద నడుస్తుంది. కింది పొర వెచ్చబడి, ఆవిరి నింపుకుని పైకి లేస్తుంది, మబ్బవుతుంది, ఒడ్డు చేరగానే కురుస్తుంది. సరస్సు పైనీళ్ళకూ, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల తేడా ఉండాలని వాతావరణ శాఖవాళ్ళ లెక్క. నెల్లూరు తీరంలో పుట్టిన నాకు ఇది అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేకపోయింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి నేల మీద నుంచి పొడిగానే బయల్దేరి, బంగాళాఖాతం దాటుతూ తేమ తాగి, మా ఊళ్ళ మీద కుమ్మరిస్తుంది. అక్కడ అల్పపీడనాలూ తుపానులూ తోడవుతాయి, ఇక్కడ వాటి అవసరం కూడా లేదు. నీళ్ళు వెచ్చగా ఉండి గాలి చల్లగా ఉంటే చాలు.

అయితే ఎటు వీచే గాలి? మా జీవితాలన్నీ తిరిగేది ఈ ప్రశ్న చుట్టూనే. గాలి సరిగ్గా సరస్సు పొడవు వెంట వీస్తే మూడువందల కిలోమీటర్ల నీళ్ళ మీద నడిచి వస్తుంది. అప్పుడు మబ్బులన్నీ ఒకే పొడుగాటి పట్టీగా కూడుకుంటాయి. దీన్నే ఇక్కడివాళ్ళు బ్యాండ్ అంటారు. వెడల్పు ఓ పది, ఇరవై కిలోమీటర్లు. కాలవ నుంచి బోదె ఏ మడికి తెరిస్తే ఆ మడికే నీళ్ళు పారినట్టు, బ్యాండ్ ఏ ఊరి మీద నిలిస్తే ఆ ఊరికే మంచు. గట్టు అవతలి మడి ఎండిపోతూ ఉంటుంది. నైరుతి వైపు మొగ్గిన పడమర గాలైతే మాకు ఉత్తరాన ఉన్న వాటర్‌టౌన్ వైపు పోతుంది. నిండు పడమర గాలైతే పులాస్కీ, రెడ్‌ఫీల్డ్ మునుగుతాయి. కాస్త వాయవ్యానికి తిరిగితే ఆస్వీగో, మెక్సికో, పారిష్. పూర్తిగా వాయవ్యమైతే గాలి సరస్సును అడ్డంగా దాటుతుంది కాబట్టి పట్టీ చీలి చిన్న చిన్న పాయలై దక్షిణాన సిరక్యూస్ నగరం దాకా తలా కాస్త పంచిపెడుతుంది. పట్టీ గట్టిగా ఉన్నప్పుడు గంటకు మూడు నాలుగు అంగుళాలు కురుస్తుంది, ఒక్కోసారి ఉరుములూ మెరుపులూ కూడా. మంచులో ఉరుము మొదటిసారి విన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాం.

కౌంటీకి తూర్పున నేల పైకి లేస్తుంది. దాన్ని టగ్ హిల్ అంటారు. పేరుకు కొండ, నిజానికి పడమర నుంచి తూర్పుకు వాలుగా పెరిగే పెద్ద పీఠభూమి. సరస్సు సముద్రమట్టానికి సుమారు 75 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, టగ్ హిల్ తూర్పు అంచు ఆరువందల మీటర్లు దాటుతుంది. తడిసి వచ్చిన గాలిని ఈ ఎత్తు ఇంకా పైకి నెడుతుంది, మిగిలిందంతా అక్కడే పిండేసుకుంటుంది. మిసిసిపీకి తూర్పున ఇంత మంచు పడే చోట్లు అరుదు. పక్కనున్న లూయిస్ కౌంటీలో హుకర్ అనే చోట 1976-77 చలికాలంలో 466.9 అంగుళాలు పడింది. అంటే దాదాపు 39 అడుగులు. ఒక్కసారిగా పేరుకున్నది కాదు, చలికాలమంతా పడినదాని మొత్తం. అయినా మూడంతస్తుల ఇల్లు మునిగే లెక్క.

ఆ లూయిస్ కౌంటీలోనే మాంటేగ్ అని ఒక పల్లె ఉంది. కొలతల మీద మోజున్న నాలాంటివాళ్ళకు అదొక పుణ్యక్షేత్రం. 1997 జనవరి 11, 12 తేదీల్లో అక్కడ 24 గంటల్లో 77 అంగుళాలు పడిందని పరిశీలకుడు నమోదు చేశాడు. అప్పటిదాకా అమెరికా రికార్డుగా చెప్పుకున్నది కొలరాడోలోని సిల్వర్ లేక్‌లో 1921 ఏప్రిల్‌లో పడిన 75.8 అంగుళాలు. పేపర్లన్నీ రాశాయి. తర్వాత జాతీయ స్థాయి కమిటీ కూర్చుని పరిశీలించి, రికార్డు చెల్లదంది. కారణం, ఆయన పలకను రోజులో ఆరుసార్లు తుడిచి కొలిచాడు. నియమం నాలుగుసార్లకు మించకూడదని. ఎందుకంటే పడిన మంచు తన బరువుకే అణుగుతుంది. మాటిమాటికీ తుడిచి కొలిస్తే అణిగే సమయం ఉండదు, మొత్తం పెరిగి కనిపిస్తుంది. కమిటీ చేసింది న్యాయమేనని నా అభిప్రాయం. కానీ ఆ 24 గంటల్లో ఆ మంచులోకి ఆరుసార్లు బయటికి వెళ్ళినవాడి మీద నాకు గౌరవం తగ్గలేదు.

ఆస్వీగోలో పెద్దవాళ్ళెవరిని కదిపినా 1966 అంటారు. ఆ ఏడాది జనవరి 27 నుంచి 31 దాకా నగరంలో 102 అంగుళాలు పడింది. చివరి రోజు ఒక్కటే 50 అంగుళాలు. దాన్ని కొలిచినవారు ఇక్కడి ప్రభుత్వ కాలేజీలో వాతావరణ శాస్త్రం చెప్పిన రాబర్ట్ సైక్స్. సరస్సు ఒడ్డునే ఉండే ఆ కాలేజీ ఇప్పటికీ ఈ చదువుకు పేరున్నది. టీవీలో వాతావరణం చెబుతూ అమెరికా అంతటికీ తెలిసిన ఆల్ రోకర్ చదివింది కూడా ఇక్కడే. గాలికి కొట్టుకుపోకుండా విద్యార్థులు పట్టుకుని నడవడానికి క్యాంపస్‌లో తాళ్ళు కడతారని ఒక కథ తరతరాలుగా నడుస్తోంది. నేను మాత్రం ఏ తాడూ చూడలేదు, జనవరిలో ఆ ఒడ్డున నిలబడ్డాక కథ పుట్టడంలో వింత కనిపించలేదు.

నేను కళ్ళారా చూసింది 2007 ఫిబ్రవరి. గాలి పడమరకు కుదురుకుంది, ఇక కదల్లేదు. పది రోజులు. ఆరువందల జనాభా కూడా లేని రెడ్‌ఫీల్డ్‌లో 141 అంగుళాలు పడింది, పన్నెండు అడుగులకు మూడు అంగుళాలు తక్కువ. పారిష్‌లో పది అడుగులు దాటింది. రాష్ట్రం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ప్లో బండ్లు మంచును పక్కకు నెట్టడానికి చోటు మిగల్లేదు. లోడర్లతో ఎత్తి లారీల్లో పోసి మోసుకుపోవాల్సి వచ్చింది. మందులు అందనివాళ్ళు షాపుకు ఫోన్లు చేస్తే, స్నోమొబైల్ ఉన్న పొరుగువాళ్ళు వచ్చి సంచులు తీసుకుపోయారు. ఆ పది రోజుల్లో కౌంటీ దక్షిణపు అంచుల్లో పడింది దీంట్లో ఏపాటిది?

ఈ మంచును ముందుగా పసిగట్టడం కష్టమే. సరస్సు మబ్బులు సాధారణంగా రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాటవు. దూరాన ఉన్న రాడార్ కిరణం భూమి వంపు వల్ల వీటి నెత్తిమీదుగా వెళ్ళిపోతుంది. టగ్ హిల్ మీద మాంటేగ్‌లో వాతావరణ శాఖ ఒక డాప్లర్ రాడార్ నిలిపాక చూపు మెరుగైంది. 2013-14 చలికాలంలో పరిశోధకులు ట్రక్కుల మీద రాడార్లు ఎక్కించుకుని, విమానం ఒకటి తెచ్చుకుని ఈ ప్రాంతమంతా చుట్టబెట్టారు. ఆ డిసెంబరులో ఒక పట్టీ రెడ్‌ఫీల్డ్ ఉత్తరాన ఒక్క రోజులో దాదాపు మీటరు కురిసింది. జనం తప్పించుకోవాలనుకునే మంచుకు ఎదురెళ్ళి వాళ్ళు సంబరపడ్డారు. ఇప్పుడు బ్యాండ్ వస్తుందని రెండు మూడు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. ఏ ఊరి మీద నిలుస్తుందో మాత్రం ఇప్పటికీ ఆ పూట చూసుకోవాల్సిందే.

చలికాలం ఒక్కటే చెబితే సరస్సుకు అన్యాయం చేసినట్టు. ఇదే నీళ్ళు మాకు తోటలు పెంచుతాయి. వసంతంలో సరస్సు ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి ఒడ్డున ఆపిల్ చెట్లు తొందరపడి పూతకు రావు. ఏప్రిల్‌లో వచ్చే మాయదారి ఎండకు మోసపోయి పూసి, తర్వాతి మంచుకు మాడిపోయే ప్రమాదం తగ్గుతుంది. శరదృతువులో సరస్సు వెచ్చగా ఉండి మొదటి గడ్డమంచును కొన్నాళ్ళు ఆపుతుంది, కాయ పండటానికి గడువు దొరుకుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం తర్వాత ఆపిల్ ఎక్కువగా పండేది న్యూయార్క్‌లోనే, అందులో పెద్ద భాగం ఈ సరస్సు ఒడ్డునే. లోపలి పల్లపు నేలల్లో మక్ అనే నల్లమట్టి ఉంది. పూర్వపు బురద మడుగులు ఎండి మిగిలిన ఆ మట్టిలో ఉల్లి బ్రహ్మాండంగా పండుతుంది. జులైలో సిరక్యూస్ ఉక్కతో అల్లాడుతుంటే మాకు మధ్యాహ్నం సరస్సు నుంచి చల్లగాలి తిరుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో సాల్మన్ చేపలు సరస్సు వదిలి పులాస్కీ మీదుగా నది ఎక్కుతాయి. వాటి వెనక గాలాలు పట్టుకుని పొరుగు రాష్ట్రాల వాళ్ళు కూడా దిగుతారు. చలికాలపు స్నోమొబైల్ జనం, ఈ చేపల జనం లేకపోతే ఇక్కడి హోటళ్ళు నడవవు.

మంచుతో బతకడం ఇక్కడివాళ్ళకు అలవాటైన పని, గోల చేయరు. నీళ్ళ హైడ్రెంట్ల పక్కన పొడుగాటి కర్రలు పాతి ఉంటాయి, పూడిపోయినా మంటలార్పేవాళ్ళకు ఆచూకీ దొరకాలి కదా. కప్పు మీది మంచును లాగడానికి ఇరవై అడుగుల పిడితో గోకుడుపార ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. టగ్ హిల్ మీది వేట గుడిసెలు కొన్నిటికి పై అంతస్తులోనూ ఒక తలుపు పెట్టుకుంటారు. రోడ్ల మీద చల్లే ఉప్పు సున్నాకు పది డిగ్రీలు కిందికి పోతే సరిగా పనిచేయదు, అప్పుడు ఇసుక కలుపుతారు. నన్ను బాధపెట్టేది మంచు కంటే మబ్బు. సరస్సు ఆవిరి నవంబరు నుంచి ఆకాశాన్ని బూడిదరంగు దుప్పటిలా కప్పేస్తుంది. డిసెంబరులో షాపులో విటమిన్ డి సీసాలు అరల్లో నిలవవు.

వాతావరణం వేడెక్కితే మంచు తగ్గాలి కదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఇక్కడ లెక్క అంత సూటిగా లేదు. 20వ శతాబ్దంలో సరస్సు ప్రభావమున్న చోట మంచు పెరిగిందని, ఆ ప్రభావం లేని చోట అలాంటి పెరుగుదల కనిపించలేదని కోల్‌గేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2003లో చూపించారు. నీళ్ళు వెచ్చబడి, గడ్డకట్టే మేర తగ్గితే ఆవిరి పెరుగుతుంది. 1970ల తర్వాత మా ప్రాంతంలో ఆ పెరుగుదల ఆగిందని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. గాలి కూడా వెచ్చబడుతూ పోతే ఏదో ఒకనాడు ఈ తేమే వానగా పడుతుంది. ఇప్పటికే నవంబరులో నా పలక మీద మంచు బదులు బురదనీళ్ళు దొరికే ఉదయాలు వస్తున్నాయి. కొలతల పుస్తకంలో అవీ రాస్తున్నాను.

సిరక్యూస్‌లో మన పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు. సెలవు దొరికితే థౌజండ్ ఐలాండ్స్ చూడటానికో, కెనడా సరిహద్దు వైపో 81వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. అది మా కౌంటీ గుండా, సెంట్రల్ స్క్వేర్ నుంచి పులాస్కీ మీదుగా, సరిగ్గా ఈ పట్టీలు కోసుకుపోయే దారిలోనే వెళుతుంది. బయల్దేరేటప్పుడు ఎండ ఉంటుంది, అరగంటలో ముందు కారు లైట్లు కూడా కనిపించవు. కాబట్టి నవంబరు నుంచి మార్చి దాకా బయల్దేరే ముందు ఫోన్లో ఎన్ని డిగ్రీలో చూసి సరిపెట్టుకోకండి. గాలి ఎటునుంచో చూడండి, బఫెలో వాతావరణ కార్యాలయం ఇచ్చే లేక్ ఎఫెక్ట్ హెచ్చరిక చదవండి. పడమర గాలి, పులాస్కీ దగ్గర హెచ్చరిక రెండూ ఉంటే ప్రయాణం మానండి. తప్పక వెళ్ళాల్సి వస్తే కారులో దుప్పటి, పార, నీళ్ళు, నిండా పెట్రోలు ఉంచుకోండి. మంచులో ఇరుక్కుంటే కారు దిగి నడవకండి. వేడి కోసం ఇంజన్ ఆన్ చేసే ముందు వెనకనున్న పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే విషవాయువు కారులోకే వస్తుంది. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులారా, మీరు ఫోన్ చేసినప్పుడు చలి ఎంతుందని కాకుండా, గాలి ఎటు వీస్తోందని అడగండి.